తమిళంలో మాట్లాడిన మన అవ్వ

కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ (1976) పేరెత్తితే మన తెలుగువాళ్ళు రెండే మాటలంటారు. "మనవాడు రాశాడు" అని ఒకటి. "మనవాడై ఉండీ అరవంలో రాశాడు" అని ఇంకొకటి. ఈ పంచాయితీలో పడి, ఆ నవలలో కూర్చుని ఉన్న మంగత్తాయారును మాత్రం పలకరించం. ఆమె వయసు 137 ఏళ్ళు.

చెన్నాదేవి అనే పిల్ల అందం మీద ఒక ప్రభువు కన్ను పడింది. ఆ పిల్లను కాపాడుకోవటానికి ఒక కుటుంబం తెలుగు నేలలో ఇల్లూ వాకిలీ వదిలి దక్షిణానికి వచ్చేసింది. కరిసల్ భూమిలో అడవిని చదును చేసి ఊరు కట్టుకుంది. ఈ కథంతా అవ్వ నోటినుంచే వస్తుంది. చరిత్ర పుస్తకాల్లో మన వలసకు విజయనగర రాజులూ, మధుర నాయకులూ ముందు నడుస్తారు. ఇక్కడ ముందు నడిచింది ఒక ఆడపిల్ల భయం. నాకిదే నమ్మదగినదిగా తోస్తుంది.

మా బ్యాంకులో భూమి తాకట్టుకు వస్తే మొదట ‘తాయ్‌పత్రం’ అడుగుతాం. ఆ భూమి ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చెప్పే మూల దస్తావేజు అది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన ఈ తెలుగింటి రచయిత తన జాతి తాయ్‌పత్రాన్ని ఒక ముసలమ్మ జ్ఞాపకంలో చూపించాడు. సాక్షి సంతకం అడిగే అధికారం మనకు లేదు.

అరవంలో రాశాడన్న నింద సంగతి. అవ్వ ఇంట్లో మాట్లాడింది తెలుగే అయి ఉండాలి. కాని ఆ తెలుగును మనలో ఎంతమందిమి చదవగలం? మాట నోట ఉంది, అక్షరం బడిలో లేదు. మా తరంలో చాలామంది తెలుగు లిపి నేర్చింది ఉద్యోగాలు వచ్చాకే. ఆయన తన పల్లెవాళ్ళు చదవగల లిపిలో రాశాడు. అది ద్రోహమనటం అన్యాయం.

నా అసంతృప్తి వేరే ఉంది. మంగత్తాయారుకు దారి బాగా గుర్తుంది. పొయ్యి గురించి ఇంకా చెబితే బాగుండుననిపిస్తుంది. కొత్త నేలలో మొదటి రాత్రి ఏం వండారు? విత్తనాలు ఎవరి కొంగున వచ్చాయి? మా అవ్వకు అక్షరం రాదు. అయినా ఏ కుండలో ఏ గింజ, ఏ కోడలికి ఎన్నో నెల, పాలేరుకు ఎన్ని పడులు బాకీ, అన్నీ నోటి లెక్కే. బి.కాం. చదివిన నేను ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాను. అడవిని ఊరు చేసింది మగవాళ్ళ గొడ్డలే కాదు, ఈ లెక్క కూడా. నవలలో గొడ్డలి చప్పుడే ఎక్కువగా వినబడుతుంది.

అయినా ఆ ముసలామెను దేవతను చేయలేదు, అది గొప్ప. దీని తరువాతి భాగం ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నాకు మాత్రం అవ్వ ఉన్న మొదటిదే ఇష్టం. రాజనారాయణన్ 2021 మేలో పుదుచ్చేరిలో కన్నుమూశారు.

మా అమ్మాయి ఈ నవలను తమిళంలోనే చదివింది. "ఈ అవ్వ తెలుగులో చెప్పి ఉంటే ఎట్లా చెప్పేది నాయనా?" అని అడిగింది. మా అవ్వ మాటలు గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాయటం మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై దాకా వచ్చాయి.