వాటా తగ్గని ఆస్తి

రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం చెప్పాల్సి వచ్చినప్పుడు పదిహేడో వచనానికి మాత్రం నేను ముందుగా నోట్సు రాసుకోను. ఎదురుగా చాపల మీద ఎవరు కూర్చున్నారో చూశాకే నోరు విప్పుతాను. దేవుని పిల్లలమైతే ఆయనకు వారసులం, క్రీస్తుతో పాటు వారసులం, ఆయనతో శ్రమపడితే ఆయనతో మహిమ పొందుతాం అన్నది ఆ వచనం సారం. వారసత్వం అనగానే వినేవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో సంగతి గుర్తొస్తుంది. ఒకరికి తాత ఇచ్చిన మూడెకరాలు, ఇంకొకరికి అన్నదమ్ముల మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న దావా. చాలామందికి పంచడానికి ఏమీ లేని తండ్రి. ఆ మొహాలు చూడకుండా చెబితే ఈ మాట పైపైనే పోతుంది.

నేను పాస్టరుని కాను. మా సంఘం స్త్రీల కూడికలో, ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థనల్లో వాక్యం చెబుతాను. అందరికీ కంఠతా వచ్చిన వచనం చెప్పడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. తల ఊపుతారు, ఆమెన్ అంటారు, ఇంటికి వెళ్ళిపోతారు. అందుకే నేను వాళ్ళను ముందు రోముకు తీసుకెళ్తాను.

పౌలు ఈ ఉత్తరాన్ని కొరింథులో ఉండి, దాదాపు క్రీ.శ. 57లో రాయించాడు. చేత్తో రాసినవాడు తెర్తియు. రోముకు మోసుకెళ్ళింది కెంక్రేయ సంఘపు ఫీబే అని చాలామంది పండితుల అభిప్రాయం. చివరి అధ్యాయంలో పౌలు వందనాలు చెప్పిన పేర్ల పట్టికను చదివేవాళ్ళు గబగబా దాటేస్తారు. నేను అక్కడ కాసేపు ఆపుతాను. అంప్లీయతు, ఊర్బాను, పెర్సిసు వంటి పేర్లు ఆనాడు బానిసలకూ, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళకూ ఎక్కువగా ఉండేవని రోము శాసనాల వల్ల తెలుస్తోంది. అరిస్టొబూలు ఇంటివారు, నార్కిస్సు ఇంటివారు అని పౌలు పలకరించిందీ ఆ పెద్దిళ్ళల్లో పనిచేసే బానిసలనే అయ్యుండాలి. రోమా చట్టంలో బానిసకు సొంత ఆస్తి లేదు, వారసత్వం లేదు. అతనే ఒక ఆస్తి. యజమాని పోతే పొలంతో, పశువులతో పాటు అతన్నీ పంచుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఎవరింట్లోనో గుంపులో కూర్చుని, నువ్వు దేవునికి వారసుడివని ఎవరో చదువుతుంటే విన్నాడు. ఆ మాట మొదట పడ్డ చెవులు ఎవరివో తెలిస్తే గాని దాని బరువు మనకు తెలియదు.

అంతకు రెండు వచనాల పైన పౌలు దత్తత సంగతి ఎత్తాడు. రోములో పెద్ద కుటుంబాలు వంశం పేరు నిలబెట్టుకోవడానికి దత్తత తీసుకునేవి, అదీ ఎక్కువగా ఎదిగిన మగవాళ్ళని. చక్రవర్తులే ఆ దారిన వచ్చారు. జూలియస్ సీజర్ వీలునామా ద్వారా దత్తుడైన ఆక్టేవియన్ తర్వాత అగస్టస్ అయ్యాడు. అగస్టస్ క్రీ.శ. 4లో తిబెరియను దత్తత తీసుకున్నాడు. క్లౌదియ చక్రవర్తి, సొంత కొడుకు బ్రిటానికస్ ఉండగానే, భార్య కొడుకు నీరోను 50లో దత్తత తీసుకున్నాడు. 54లో క్లౌదియ చనిపోగానే పదహారేళ్ళ నీరో సింహాసనం ఎక్కాడు. మరుసటి ఏడే, పద్నాలుగేళ్ళు నిండబోతున్న బ్రిటానికస్ విందులో కుప్పకూలి ప్రాణం విడిచాడు. నీరోయే విషం పెట్టించాడని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

పౌలు ఉత్తరం రోముకు చేరింది ఆ తర్వాత రెండేళ్ళకో మూడేళ్ళకో. కన్నకొడుకు, దత్తకొడుకు ఒకే ఆస్తి దగ్గర ఎదురుపడితే ఏం జరుగుతుందో ఆ ఊళ్ళో నీళ్ళు మోసే కుర్రాడికి కూడా తెలుసు. పౌలు నీరోను మనసులో పెట్టుకుని రాశాడని నేననను. వినేవాళ్ళ మనసులో మాత్రం ఆ రాజకుటుంబం మెదలకుండా ఉండదు. అలాంటి ఊరికి ఈ కబురు వచ్చింది. ఈ ఇంట్లో కన్నకుమారుడు ఉన్నాడు, దత్తత వచ్చినవాళ్ళు లెక్కలేనంతమంది ఉన్నారు, ఎవరికి ఎవరూ అడ్డు కారు. వాళ్ళను ఇంట్లోకి తేవడానికి ప్రాణం పెట్టినవాడు ఆ కన్నకుమారుడే. కాస్త దిగువన ఇదే అధ్యాయంలో పౌలు ఆయన్ని ఎందరో తోబుట్టువులకు పెద్దన్నగా చూపిస్తాడు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎక్కువయ్యేకొద్దీ సంతోషించే పెద్దన్నను ఏ ఆస్తి తగాదాలోనైనా చూశామా?

లోకంలో ఆస్తి అంటే భాగహారమే. మోషే ధర్మశాస్త్రంలో కూడా పెద్దకొడుక్కి రెండు పాళ్ళు, మిగిలినవాళ్ళకు తలా ఒకటి. ఇంకొకరు చేరితే అందరి వాటా తగ్గుతుంది. క్రీస్తుతో పాటు వారసులమంటే ఆయన తీసుకోగా మిగిలింది మనకు వస్తుందని కాదు. నలుగురు పిల్లలున్న తల్లి ఒక్కొక్కరికి పావు తల్లి కాదు కదా. ఇక్కడ ఆస్తి సాక్షాత్తూ దేవుడే. ఇశ్రాయేలు గోత్రాలకు హద్దులు గీసి నేల పంచాల్సి వచ్చినప్పుడు, అహరోనుకూ లేవీయులకూ భూమి లేదు, వాళ్ళ స్వాస్థ్యం దేవుడే అన్న ఏర్పాటు సంఖ్యాకాండం పద్దెనిమిదిలో ఉంది. సెంటు భూమి లేని ఆ గోత్రానికి దక్కిన భాగాన్ని పౌలు ఇప్పుడు రోములోని బానిసలతో సహా అందరికీ చెప్పాడు. భూమి లేని అక్కలు కూర్చున్న చోట ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళు తలెత్తి చూస్తారు.

అందుకే కొందరు బోధకులు ఈ వచనాన్ని వాడే తీరు నాకు బాధ కలిగిస్తుంది. నువ్వు రాజు బిడ్డవి, కాబట్టి మేడ నీది, కారు నీది, అడిగి తీసుకో అంటారు. అప్పుల్లో ఉన్న ఇల్లాలు ఆ మాట నమ్మి కానుక వేసి, రావాల్సింది రాక, నా విశ్వాసంలోనే లోపం ఉందని కుమిలిపోతుంది. ఇది వాక్యానికి చేసే అన్యాయం, ఆమెకు చేసే ద్రోహం. ఆ బోధ వచనాన్ని సగంలో నరికేస్తుంది. రెండో సగంలో శ్రమ ఉంది. రోమా చట్టంలో వారసుడికి పొలాలతో పాటు తండ్రి చేసిన అప్పులూ సంక్రమించేవి. లాభం నాకు, బాధ్యత ఇంకొకరికి అంటే చెల్లేది కాదు. క్రీస్తు మనకు అప్పు మిగిల్చి పోలేదు, మన అప్పే తీర్చాడు. అయినా ఆయన ఇంటి పేరు పెట్టుకున్నాక ఆయన మోసినదాంట్లో కొంత మన భుజం మీదికి వస్తుంది. అది తప్పించుకునే వారసుడు లేడు.

మరి ఆ వారసత్వం మన చేతికి ఎప్పుడొస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పౌలు పదిహేనో వచనంలో దత్తత అయిపోయినట్టు మాట్లాడి, ఇరవైమూడో వచనంలో దాని కోసమే మూలుగుతూ ఎదురుచూస్తున్నామంటాడు. రెండూ నిజమే. ఎఫెసీ పత్రికలో పరిశుద్ధాత్మను సంచకరువు అన్నాడు, బేరం ఖాయమని ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. పూర్తిగా అందేది ఈ శరీరం కూడా విడుదలైన నాడు. చావు దగ్గర పడ్డవాళ్ళ మంచం పక్కన నేను ఇంతకు మించి ఏమీ చెప్పను.

మన తెలుగు నేల మీద ఈ మాట ఎవరి దగ్గరికి వచ్చిందో కూడా చెబుతాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. తిండి కోసం మతం మారారన్న నింద రాకూడదని కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. తోలు పని, కూలి పని చేసుకునేవాళ్ళు, తాతల నాటి నుంచి ఇంకొకరి పొలంలో చెమటోడ్చినవాళ్ళు. దేవుడి ఆస్తిలో మీకూ హక్కుంది అన్న కబురు వాళ్ళకు ఎంత కొత్తగా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఊరి జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు పెద్దల కోపాన్నీ వాళ్ళు భరించారు. ఆ శ్రమ ఇంకా తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు వాళ్ళను ఇంకోలా చూడడం మొదలుపెట్టలేదు. క్రీస్తుతో శ్రమ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

ఇక మన ఇళ్ళ సంగతి. ఒకసారి కూడిక అయ్యాక, చాపలు మడుస్తుంటే ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. "అమ్మా, మా నాన్న పొలంలో నాకు చారెడు మట్టి ఇవ్వలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. మా తమ్ముడు ఇప్పుడు సంఘంలో పెద్ద. పైన మేమిద్దరం కలిసే వారసులమా?" అంది. అవునమ్మా, కలిసే అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మరి కింద?" అంది.

కింద కూడా అనే నా సమాధానం. సంఖ్యాకాండం ఇరవై ఏడో అధ్యాయంలో సెలోపెహాదు అనే ఆయనకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు కూతుళ్ళు మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి మా నాన్న స్వాస్థ్యం మాకివ్వమని అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడు మోషేతో చెప్పాడు. వాటా అడిగే ఆడపిల్లను ధనాశ పట్టిందనే సంఘాలు ఈ అధ్యాయం ఎన్నడైనా చదివాయా? లూకా పన్నెండులో ఆస్తి పంచమని అడిగినవాణ్ణి యేసు కాదన్నాడు కదా అని కొందరు ఎదురు చెబుతారు. నిజమే, ఆయన తీర్పరిగా కూర్చోలేదు. వెంటనే చెప్పింది మాత్రం కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి కథ. మన ఇళ్ళల్లో ఆ కొట్లు కడుతున్నది చెల్లెళ్ళు కాదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలింది పిల్లలకు. కొడుకు, కూతురు సమానం. కేరళలో ఆ సమానత్వం కోసం మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 1916 నాటి తిరువాన్కూరు చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా అయిదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది ఇమ్మంది. 1986లో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. మనకు ఆ పోరాటం కూడా అక్కర్లేదు, హక్కు చేతిలోనే ఉంది. కట్నం ఇచ్చాం కదా అన్న మాటతో దాన్ని లాగేసుకుంటున్నాం.

పెంపుడు పిల్లల సంగతి ఇంకా బాధాకరం. రక్షణనే దత్తతగా చెప్పే మతానికి ఈ దేశంలో చాలాకాలం దత్తత చట్టం లేదు. క్రైస్తవ దంపతులు 1890 నాటి చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవాళ్ళు. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద దత్తత వచ్చిన బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా వారసత్వం ఉంది. అయినా ఎవరి బిడ్డో అన్న మాట పెళ్ళిళ్ళ దగ్గర, పంపకాల దగ్గర వింటూనే ఉన్నాను. దత్తత వల్ల దేవుని ఇంట అడుగుపెట్టిన మనం ఆ మాట ఏ నోటితో అంటున్నాం?

అన్నలారా, తమ్ముళ్ళారా, ఆదివారం ఆరాధనలో క్రీస్తుతో పాటు వారసులమని చెప్పుకునేవాళ్ళు మీ అక్కచెల్లెళ్ళ వాటా లెక్క తీయండి. హక్కు విడుదల పత్రం మీద వాళ్ళ సంతకం అడగకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే ఇంటికి వెళ్ళి మాట్లాడి, ఇవ్వాల్సింది ఇచ్చి రిజిస్టరు చేయించండి. పాస్టరుగారూ, ఈసారి ఈ వచనం చెప్పేటప్పుడు సెలోపెహాదు కూతుళ్ళ అధ్యాయం కూడా సంఘంలో చదివించండి.