కథ మలుపు, కెరటం మలుపు

తెలుగులో ‘మలుపు’ అనే మాట రెండు చోట్ల పనిచేస్తుంది. రోడ్డుకి మలుపుంటుంది, కథకీ మలుపుంటుంది. సర్ఫింగ్ మీద వచ్చిన కొన్ని పుస్తకాలూ సినిమాలూ వరసగా చదివి, చూశాక నాకు తోచిందేమిటంటే, అక్కడ ఈ రెండు మలుపులకీ పొత్తు కుదరదు. కథకి మలుపు కావాలంటే సొరచేప వస్తుంది. సర్ఫర్‌కి కావలసిన మలుపు వేరు: కదులుతున్న కెరటం మీద బోర్డుని తిప్పడం. మొదటిది క్షణంలో జరిగిపోతుంది, చెప్పడం తేలిక. రెండోది పట్టుబడడానికి ఏళ్ళు పడుతుంది, చెప్పబోతే మాటలు దొరకవు. ఒక రచన ఈ రెండిట్లో దేని దగ్గర ఎక్కువసేపు నిలబడిందో చూస్తే దాని విలువ చాలావరకు తెలిసిపోతుందని నా అభిప్రాయం.

నేను సర్ఫర్‌ని కాను. స్విమ్మింగ్‌పూల్ దాటి ఈదింది లేదు. పాఠకుడిగానే మాట్లాడుతున్నాను.

2015 జులై 19న దక్షిణాఫ్రికాలోని జెఫ్రీస్ బేలో ఒక పెద్ద పోటీ ఫైనల్ జరుగుతోంది. ఆస్ట్రేలియా సర్ఫర్ మిక్ ఫానింగ్ అప్పటికే మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. అల కోసం బోర్డు మీద కూర్చుని చూస్తుంటే వెనక నీళ్ళలో సొర రెక్క లేచింది. ప్రత్యక్ష ప్రసారం నడుస్తుండగానే ఓ కెరటం అడ్డొచ్చి మనిషి కనపడకుండా పోయాడు. కాలికీ బోర్డుకీ మధ్య కట్టుకునే తాడు తెగింది. పోటీలో అతని ప్రత్యర్థి జూలియన్ విల్సన్ ఒడ్డుకి పారిపోకుండా అతని వైపే వెళ్ళాడు. చివరికి ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు, ఫైనల్ రద్దయింది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. మరుసటి ఏడాది ఫానింగ్ అదే చోటికి తిరిగొచ్చి అదే పోటీ గెలిచాడు. ఆ గెలుపు వీడియో మనలో ఎంతమంది చూసుంటాం? మొదటి వీడియోలో అతను చేసిందల్లా ప్రాణం కాపాడుకోవడం. అతనెవరో తెలిసేది రెండో దాంట్లోనే.

మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు ప్రపంచమంతా కలిపి ఏడాదికి వందకు లోపే నమోదవుతాయి. మన కోస్తాలోనైతే సొర అనగానే ముందు గుర్తొచ్చేది సొర పుట్టు. బాలింతకి పాలు పడతాయని పాలసొర వండిపెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. సొరని రాక్షసిగా మనకి పరిచయం చేసింది సముద్రం కాదు, హాలీవుడ్.

బెథనీ హామిల్టన్ కథలో మాత్రం సొర వట్టి బెదిరింపు కాదు. 2003 అక్టోబర్ 31న హవాయిలోని కవాయి ద్వీపం దగ్గర టైగర్ షార్క్ ఆమె ఎడమ చేతిని భుజం కింద దాకా తీసుకుపోయింది. అప్పుడామెకి 13 ఏళ్ళు. నెల తిరక్కుండా మళ్ళీ నీళ్ళలోకి దిగింది. 2004లో ‘సోల్ సర్ఫర్’ పేరుతో పుస్తకం వచ్చింది, 2011లో అదే పేరుతో సినిమా వచ్చింది. సినిమా చెడ్డదేం కాదు. కానీ అది ప్రమాదం, కన్నీళ్ళు, పట్టుదల, తిరిగి రావడం అనే నాలుగు మెట్లెక్కి ఆగిపోతుంది. ఒంటిచేత్తో బోర్డు మీద ఎలా లేచి నిలబడాలి, కెరటం కిందకి దూరేటప్పుడు బోర్డుని ఎలా పట్టుకోవాలి అన్న ప్రశ్నలకి తండ్రి బోర్డుకి బిగించిన పిడి ఒక జవాబు. ఆ పిడి కనిపించే కాసేపూ సినిమా నిజంగా ఊపిరి పోసుకుంటుంది. తర్వాత మళ్ళీ సంగీతం అందుకుంటుంది.

ఇక్కడ కెరటం మీద మలుపంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. సర్ఫర్ లేచి నిలబడగానే కెరటం ముఖం మీంచి కిందికి జారతాడు. ఆ జారుడులోనే వేగం పుడుతుంది. అడుగుకి చేరాక మోకాళ్ళు వంచి, బోర్డు ఒక అంచుని నీళ్ళలోకి నొక్కి, మళ్ళీ పైకి తిరగాలి. దీన్ని బాటమ్ టర్న్ అంటారు. పైన ఏ విన్యాసం చెయ్యాలన్నా ఇది సరిగ్గా పడాలి. ముందు చూపు తిరుగుతుంది, తర్వాత భుజం, నడుము, ఆఖరికి బోర్డు. కాళ్ళకేసి చూసుకున్నవాడు తిరగలేడు. ఇంకొకటి కట్‌బ్యాక్. కెరటాన్ని దాటి ముందుకి పోతే నీళ్ళలో బలముండదు, అందుకని వెనక్కి, విరుగుతున్న వైపుకే తిరిగి రావాలి. గంటసేపు నీళ్ళలో ఉన్నా నిలబడి ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా అంతా ఈదడం, ఎదురుచూడడం. పైగా ఒకసారి వచ్చిన కెరటం మళ్ళీ రాదు. మా ఉద్యోగంలో ఒక బగ్‌ని పట్టుకోవాలంటే ముందు అదే పరిస్థితిని మళ్ళీ రప్పించగలగాలి. సముద్రంలో ఆ వెసులుబాటు లేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆ తప్పు జరిగిన చోటు మాయమయ్యాకే ఆలోచించుకోవాలి.

ఇది తెలిశాక 2018 నాటి డాక్యుమెంటరీ ‘అన్‌స్టాపబుల్’ చూస్తే అసలు బెథనీ అందులో దొరుకుతుంది. మలుపులో భుజాలూ చేతులూ ముందు తిరిగి ఒంటిని లాగుతాయి కదా, ఒక చేయి లేకపోతే బరువు లెక్కే మారిపోతుంది. 2016లో ఫిజీ పోటీలో ఆమె అప్పటికే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన స్టెఫనీ గిల్మోర్‌ని ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. సొర కరిచిన పన్నెండేళ్ళకి పైగా గడిచాక! ఆ పన్నెండేళ్ళని ‘పట్టుదల’ అన్న ఒక్క మాటలో చుట్టేస్తే ఆమెకి అన్యాయం చేసినట్టే.

టిమ్ వింటన్ నవల ‘బ్రెత్’ (2008) ఈ సంగతి బాగా తెలిసిన పుస్తకం. 1970ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక కలప మిల్లు ఊరు. పైక్లెట్, లూనీ అనే ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళని చేరదీసే శాండో అనే పెద్ద సర్ఫర్. పైక్లెట్‌ని మొదట పట్టేసేది భయం కాదు, అందం. ఏ ప్రయోజనమూ లేకుండా మగవాళ్ళు నీళ్ళ మీద నాట్యం చేయడం ఆ ఊళ్ళో అతను ఎన్నడూ చూడనిది. ఆ తర్వాత శాండో వాళ్ళని బార్నీస్ అనే చోటికి తీసుకెళ్తాడు. అక్కడ తిరిగే పెద్ద తెల్ల సొర పేరే ఆ చోటికి పెట్టారు. నవల మొత్తంలో సొర ఎవరినీ కరవదు. అయినా పుస్తకం తిరిగేది అక్కడే అని నేననుకుంటాను. అక్కడి నుంచి కెరటం ఎంత బాగుందని ఎవరూ అడగరు, ఎంత ప్రమాదమని అడుగుతారు. ఆ ప్రశ్నకి అంతు లేదు. తర్వాతి చోటు ఇంకా పెద్దది, ఆ తర్వాతిది ఇంకా ఘోరం. ఒక రోజు పైక్లెట్ వెనకాడతాడు. ఆ ఒక్క వెనకడుగుకి గురువూ స్నేహితుడూ అతన్ని వదిలేసి పోతారు.

నవలలో నాకు నచ్చనిది ఈవా పాత్ర. శాండో భార్య, గాయపడి ఆటకి దూరమైన స్కీయర్. ఆమె నొప్పి లోపలికి వెళ్ళకుండా, ఆమెని కుర్రాడికి తగిలిన ఇంకో ప్రమాదంగానే రచయిత వాడుకున్నాడు. సర్ఫర్లకిచ్చిన ఓపికలో సగం ఆమెకిచ్చి ఉంటే బాగుండేది. కానీ ముగింపు మాత్రం వింటన్ తప్పలేదు. ప్రమాదాన్ని వెంటాడిన లూనీ మిగలడు. పైక్లెట్ నడివయసులో అంబులెన్స్ ఉద్యోగం చేస్తూ, వీలైనప్పుడు వెళ్ళి కెరటాలెక్కుతాడు, ఎవరికీ ఏమీ నిరూపించకుండా. అతన్ని నిలబెట్టింది సొర దగ్గర చూపించిన ధైర్యం కాదు, మొదటిరోజు చూసిన నాట్యం.

మన క్రీడా సినిమాల్లో అభ్యాసం ఒక పాటలో అయిపోతుంది. ఇంటర్వ్యూల్లో కూడా మనం అడిగేది ‘మీ జీవితాన్ని మార్చిన సంఘటన ఏది?’ అనే. సంఘటన లేనివాళ్ళకి, లేదా సంఘటన జరిగిపోయి ఇరవై ఏళ్ళుగా దాంతోనే లేచి పనికి పోతున్నవాళ్ళకి ఆ ప్రశ్నలో చోటుండదు.

నిజానికి కెరటాన్ని చదవడం మనకి కొత్త కాదు. ఉత్తరాంధ్రలో తెప్పల మీద వేటకెళ్ళే మత్స్యకారులు ఒడ్డు దగ్గర విరిగే కెరటాల్లో దేన్ని వదలాలో, దేని మీదుగా దాటాలో చూసుకునే బయల్దేరతారు. వాళ్ళు కనపడితే మనం తుఫాను గురించే అడుగుతాం, అదే మనకి తెలిసిన సొరచేప కాబట్టి. తుఫాను లేని మామూలు పొద్దున తెప్ప మొదటి కెరటాన్ని ఎలా దాటుతుందో ఎవరైనా వింటన్ అంత ఓపికగా తెలుగులో రాస్తే చదవాలని ఉంది.