సోలెడు ఉప్పు

ఏప్రిల్ దాటితే తిరువూరు బజారులో మామిడికాయలు కొట్టే కత్తిపీటల దగ్గర జనం మూగుతారు. కాయలు కొన్నచోటే ముక్కలు కొట్టించుకుని, ఇంటికొచ్చి జీడి, పొర తీసి, తడి తుడుస్తాం. ఆ తర్వాతిదంతా కొలతే.

మా అమ్మ లెక్క నాలుగు సోలల ముక్కలకు సోలెడు కారం, సోలెడు ఆవపిండి, సోలకు కాస్త వెలితిగా ఉప్పు. ఆమె పోయాక ఆ ఇత్తడి సోల నాకొచ్చింది. లెక్క కూడా వచ్చిందనుకున్నాను. మొదటి ఏడే ఆవకాయ నోట పెట్టలేనంత ఉప్పయింది.

సోల అదే. ఉప్పు మారింది. అమ్మ కళ్లుప్పు ఎండబెట్టి కచ్చాపచ్చాగా దంచేది. నేను ప్యాకెట్ ఉప్పు పోశాను. గట్టి పదార్థం పలుకు ఏ గిన్నెలో పడినా తన ఆకారం వదలదు. పలుకుల మధ్య సందులుంటాయి, వాటినిండా గాలి. అమ్మ సోలలో ఆ గాలి ఎక్కువ, నా సోలలో ఉప్పు ఎక్కువ.

ఉప్పునీ పోస్తాం అంటాం, నూనెనీ పోస్తాం అంటాం. మాట ఒకటే, నడత వేరు. ఉప్పు సోల అంచు దాటి గోపురం కడుతుంది. అదెంత ఎత్తన్నది పోసే చేతిని బట్టి. నూనె అంచు దగ్గర మట్టంగా నిలిచి, ఎక్కువైంది కారిపోతుంది. జాడీలో జాడీలా, సీసాలో సీసాలా ఉన్నా సోలెడు నూనె సోలెడే. ముక్కలతో నిండిందనుకున్న జాడీ కూడా బోలెడు నూనె తాగుతుంది, సందులన్నీ దానివే కాబట్టి.

ఆవఘాటుకు ఆ మట్టమూ లేదు. జాడీకి వాసెన కడితే ముక్క లోపలే ఉంటుంది, ఘాటు మాత్రం గుడ్డలోంచి దూరి వసారా దాకా వస్తుంది. వాయువుకు ఆకారమూ లేదు, ఇంత చోటు చాలన్న హద్దూ లేదు. వంటగ్యాసునే చూడండి: సిలిండర్లో ఒత్తిడికి ద్రవంగా ఉండేది, బయటికొస్తే సుమారు 250 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే దాన్ని 14.2 కిలోలని తూచి అమ్ముతారు.

ఈ వేసవి ఆవకాయ పెట్టేవారికి ఒక్క మాట. నూనెకు సోల చాలు. ఉప్పు మారిస్తే మాత్రం పాత ఉప్పు సోలెడు ఎంత తూగేదో చూసి, కొత్తదాన్ని అంతే తూకం వేసి కలపండి.