మంచం పక్కన హాస్య వంత

కట్టంగూర్ లాంటి ఊళ్లో మనిషి మంచాన పడితే చూసిపోయేందుకు వచ్చేవాళ్లు బత్తాయిలో, బ్రెడ్డు ప్యాకెట్టో పట్టుకొని వస్తారు. ఆడబిడ్డలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అన్నదమ్ములు రిపోర్టులు అడిగి చూస్తారు. బావ వరసైనవాడు మాత్రం గడపలో నుంచే, "ఏం బావా, నాట్ల పని ఎగ్గొట్టనీకి మంచి ఉపాయమే తీసినవ్ గదా" అంటాడు. రోగి నవ్వుతాడు, ఇల్లంతా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. అదే మాట అల్లుడు అంటే ఆ ఇంట్లో ఏడాదిపాటు చెప్పుకుంటారు. అంటే రోగం దగ్గర నవ్వకూడదన్న కట్టడి మన దగ్గర ఎప్పుడూ లేదు. ఆ నవ్వు నవ్వించే హక్కు ఎవరిదన్న లెక్క మాత్రం చాలా కచ్చితంగా ఉంది. ప్రాణం మీదికొచ్చిన మనిషి కథను హాస్యంతో చెప్పే సినిమాలు ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ జారిపోయాయో చూస్తే, మంచి చెడ్డలన్నీ ఈ లెక్క దగ్గరే తేలుతాయి.

ఈ లెక్క సినిమా కన్నా చాలా ముందే మన ఆటపాటల్లో స్థిరపడింది. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, ఓ పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. కథకుడు ఏడుపు ఘట్టానికి చేరేసరికి హాస్య వంత అడ్డం పడి ఓ అమాయకపు ప్రశ్న వేస్తాడు. దానికి జవాబుగా కథకుడు జరిగినదాన్ని మళ్లీ చెప్పాలి, ఈసారి రాగం వదిలేసి ఇంట్లో మాట్లాడే మాటల్లో. జనం నవ్వుతూనే ఆ చావును రెండోసారి వింటారు. మొదటిసారి రాగంలో కొట్టుకుపోయిన వివరం రెండోసారి చెవిన పడుతుంది. కథ ఆగినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి దుఃఖం దగ్గర మనం నిలబడగలిగే సమయం పెరుగుతుంది. చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్, తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేదీ ఇలాంటి పనే. వీళ్లు పురాణంలో లేరు, ఏ రాజుకూ బంధువులు కారు, అయినా ఏ ఘట్టంలోకైనా దూరే అనుమతి ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి రూపాలను ఎంచుకోవడానికి జనాదరణ ఒక్కటే కారణమనుకోను. చావులూ దెబ్బలూ చెప్పుకుంటూనే జనాన్ని కూచోబెట్టగల ఏర్పాటు ఆ రూపాల నిర్మాణంలోనే ఉంది.

దీనికి శాస్త్రం వైపు నుంచే మొదటి అభ్యంతరం వస్తుంది. హాస్యానికి కరుణ విరోధి రసమని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెప్పాడు. రెండూ ఒకచోట చేరితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయన్న భయం అబద్ధం కాదు, సగం తెలుగు సినిమాలు అందుకు సాక్ష్యం. కానీ ఆనందవర్ధనుడు అంతకు ముందే దారి చూపించాడు. విరోధి రసం ప్రధాన రసానికి లోబడి ఉంటే, లేదా రెండూ వేరు వేరు పాత్రలను ఆశ్రయించి ఉంటే దోషం లేదన్నాడు. మృచ్ఛకటికంలో చారుదత్తుణ్ని వధ్యశిలకు తీసుకెళ్తుంటే అతని కొడుకును వెంటబెట్టుకొని వచ్చేది విదూషకుడు మైత్రేయుడే. నాటకమంతా తిండి గురించీ భయాల గురించీ మాట్లాడి నవ్వించినవాడు ఆ చివరి దారిలో కూడా ఉండాలని శూద్రకుడు అనుకున్నాడు. హాస్య వంత స్థానం సరిగ్గా ఇదే. బాధ ఒకరిది, నోరు మరొకరిది, ఇద్దరి మధ్య చనువు.

సినిమా ఈ అమరికను విడగొట్టింది. కామెడీ ట్రాక్ అని వేరే రాసి, వేరే నటులతో తీసి, కథ బరువెక్కినప్పుడల్లా అక్కడికి తీసుకుపోవడం అలవాటు చేసింది. హీరోయిన్ తల్లి ఆసుపత్రిలో ఉంటే హాస్యనటుడు ఇంటి ఓనర్ దగ్గర తన్నులు తింటుంటాడు. ఇద్దరూ ఒక గదిలో కలవరు. ఈ విడదీత వల్ల రెండు వైపులా నష్టం జరిగింది. రోగి పాత్రకు కన్నీళ్లు తప్ప ఇంకేం మిగల్లేదు. హాస్యనటుడికి పట్టించుకోదగ్గ మనిషంటూ లేకుండా పోయాడు.

కొన్ని సినిమాలు ఆ గోడ దాటాయి. 1989లో మణిరత్నం గీతాంజలిలో నాయకానాయికలిద్దరికీ చావు దగ్గర్లోనే ఉంది. గుండె జబ్బున్న అమ్మాయే ఊరందరినీ ఆటపట్టిస్తుంది. తన చావు గురించి కూడా పొడిపొడిగా మాట్లాడేస్తుంది. హక్కు రోగి చేతిలోనే ఉంది కాబట్టి ఆ అల్లరి ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు. 2005లో కృష్ణవంశీ తీసిన చక్రంలోనూ నాయకుడికి రక్త క్యాన్సర్, అతడూ కాలనీ అంతటినీ నవ్విస్తాడు. అయితే అతను జబ్బును దాస్తాడు. నవ్వేవాళ్లకు సంగతి తెలియదు, తెలిసి తిరిగి నవ్వించే మనిషి లేడు. అందుకే ఆ హాస్యం ఎంత మంచి మనసుతో రాసినా ఉపకారంలా ఉంటుంది, స్నేహంలా ఉండదు. దాని పక్కన హృషీకేశ్ ముఖర్జీ 1971 నాటి ఆనంద్‌ను పెట్టి చూడండి. ఆనంద్ దారినపోయే ఎవరినైనా "మురారీలాల్" అని పిలుస్తాడు. చాలామంది విసుక్కుంటారు. ఒక నాటకాలాయన మాత్రం వెంటనే అతన్ని "జైచంద్" అని పిలిచి ఆటలో కలుస్తాడు. ఆ నాటకాలాయన పాత్ర వేసింది జానీ వాకర్, ఆనాటి పేరున్న హాస్యనటుడు. ముఖర్జీ బుర్రకథ చూశాడో లేదో గానీ వంత ఎక్కడ కావాలో ఆయనకు తెలుసు.

అదే కృష్ణవంశీ పద్దెనిమిదేళ్ల తర్వాత చక్రం నాటి లోటును పూడ్చాడు. 2023 ఉగాదికి వచ్చిన రంగమార్తాండలో రాఘవరావుగా ప్రకాశ్‌రాజ్, అతని స్నేహితుడు చక్రిగా బ్రహ్మానందం. ఇద్దరూ రంగస్థల నటులు. ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటూ, కలిసి తాగుతూ గడిపే ముసలి స్నేహితులు. చక్రి ఆసుపత్రి పాలయ్యాక వచ్చే సన్నివేశమే సినిమాకు గుండెకాయ. అక్కడ వాళ్ల మధ్య నాటక ధోరణి తిరిగి మొలుస్తుంది. మామూలు మాటల్లో చెప్పుకోలేనిది వేషం చాటున చెప్పుకుంటారు. ఈ పాత్రకు బ్రహ్మానందాన్ని ఎంచుకోవడంలోనే టెక్నిక్ ఉంది. 1987లో అహ నా పెళ్లంట నాటి నుంచి ఆ ముఖం కనబడగానే పెదవి విచ్చడం తెలుగు ప్రేక్షకుడికి అలవాటు. సినిమాల సంఖ్యతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన నటుడాయన. 2019లో ముంబైలో గుండెకు బైపాస్ చేయించుకున్న సంగతీ చూసేవాళ్లకు తెలుసు. అన్నేళ్ల నవ్వు ప్రేక్షకుడి ఒంట్లో ఉండగా, మంచం మీద ఆ ముఖం కదలకుండా ఉంటే, నవ్వబోయి ఆగిన క్షణం ఒకటి పుడుతుంది. ఎంత గొప్ప నటుడైనా కొత్త ముఖంతో ఆ క్షణాన్ని తేలేడు.

అది ఏడిపించిన సన్నివేశం గదా, హాస్యం ఎక్కడుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హాస్యం ఆ సన్నివేశానికి ముందు ఉంది, వాళ్లిద్దరి తిట్లలో, తాగుడులో. ఒకరినొకరు ఏమైనా అనుకునే హక్కు అక్కడ సంపాదించుకున్నారు కాబట్టే ఆసుపత్రిలో ఆ మాటలు చెల్లుబాటయ్యాయి. ముందు భాగం తీసేసి ఆ సన్నివేశం ఒక్కటే చూపిస్తే అది ఉత్త నాటకీయత. మరో మాట కూడా వినిపిస్తుంది: ఇది మరాఠీ నటసమ్రాట్‌కు రీమేక్, వి.వా. శిర్వాడ్కర్ 1970లో రాసిన నాటకం దాని మూలం, దీన్ని తెలుగు సంప్రదాయానికి ఎలా కట్టబెడతారని. కథ మరాఠీదే, అందులో దాచేదేమీ లేదు. కానీ మూడున్నర దశాబ్దాలు తెలుగువాళ్లను నవ్వించిన మనిషినే ఆ మంచం మీద పడుకోబెట్టడం వల్ల వచ్చిన బరువు పూర్తిగా మన సొంతం. దాన్ని ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. మన సినిమా హాస్యం రోగాల మీదా వైకల్యాల మీదా చేసిన పాపం చిన్నది కాదు. నత్తి, చెవుడు, లావు, బట్టతల, మతిమరుపు అన్నీ సరుకే అయ్యాయి. ఫ్లోరైడ్ నీళ్లకు తరాల తరబడి ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లాలో, వంకర నడకను అనుకరించి నవ్వించే సన్నివేశం తెర మీద పడితే హాల్లో కూర్చున్నవాళ్లలో ఎవరికి ఎలా తగులుతుందో ఆ రచయితలు ఆలోచించలేదు. దీన్ని సమర్థించడానికి సంప్రదాయాన్ని అడ్డం పెట్టుకోకూడదు. హాస్య వంత గురి కథలోని దురహంకారం మీదో, కథకుడి గంభీరం మీదో, తన తెలివితక్కువతనం మీదో ఉంటుంది. దెబ్బ తిన్నవాడి దెబ్బ మీద ఉండదు. పల్లె హాస్యమంతా ఇలా శుభ్రంగానే ఉండేదని నేననను, కులం పేరుతో, వైకల్యం పేరుతో పరాచికాలు అక్కడా ఉన్నాయి. అయితే ఏది వంత పని, ఏది వెకిలితనం అని గీత గీయడానికి కొలబద్ద మాత్రం ఆ రూపంలోనే దొరుకుతుంది.

నవ్వించేవాడే మంచాన పడితే అతనికి వంత ఎవరన్నది, నాకు తెలిసి, తెలుగులో ఎవరూ సినిమాగా తీయని కథ. లోకంలో దీనికి పాత ఉదాహరణ మోలియేర్. 1673 ఫిబ్రవరి 17న లేని రోగాలు ఊహించుకునే ముసలాడి వేషం వేస్తూ, నిజమైన జబ్బుతో రంగస్థలం మీదే కుప్పకూలి, ఆ రాత్రే ఇంట్లో చనిపోయాడు. హాలీవుడ్ 2009లో ఫన్నీ పీపుల్ తీసింది. రక్త క్యాన్సర్ అని తెలిసిన పేరున్న హాస్యనటుడు, తోడుండి జోకులు రాసిపెట్టడానికి ఓ కుర్రవాణ్ని జీతానికి పెట్టుకుంటాడు. అంత పెద్ద ఇంట్లో ఒక్క బావ వరస కూడా లేనివాడన్నమాట.

మన దగ్గర కథకు ముడిసరుకు కావాలంటే దూరం పోనక్కర్లేదు. 2013లో నెల తిరగకుండానే హాస్యనటులు ఏ.వి.ఎస్., ధర్మవరపు సుబ్రహ్మణ్యం పోయారు. ఇద్దరూ కాలేయ వ్యాధితో బాధపడినవాళ్లే. కట్టంగూర్ మీదుగా పోయే విజయవాడ రహదారిలోనే, సూర్యాపేట దాటాక వచ్చే కోదాడ వేణుమాధవ్‌ది. మిమిక్రీతో, మాట్లాడే బొమ్మతో మొదలుపెట్టి 1996లో సంప్రదాయంతో సినిమాల్లోకి వచ్చి, 2019 సెప్టెంబర్ 25న సికింద్రాబాద్‌లో కన్నుమూశాడు. బతికుండగానే ఆయన పోయాడని పుకార్లు పుట్టాయి. తాను బతికే ఉన్నానని తానే వచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. జంధ్యాల చేతిలో పడితే ఈ ఒక్క సంఘటనే రెండు రీళ్లు నడిచేది. ఇప్పుడు తీసేవాళ్లు కన్నీటి పాట ఎక్కడ పెట్టాలన్న చర్చకు ముందు, టీవీలో తన చావు వార్త చూస్తున్న ఆ హాస్యనటుడి పక్కన కూచుని, "మరి పెద్దకర్మకు ఏం కూర వండిద్దాం?" అని అడగగల పాత్ర ఎవరో తేల్చుకుంటే సగం స్క్రిప్టు అయినట్టే.