కాదన్నవాడు చెల్లించే మూల్యం: ‘సొరెదెమో బొకు వా యత్తెనై’ చిత్రంపై విమర్శ

జపాన్‌లో క్రిమినల్ కేసుల్లో కోర్టు విచారణ దాకా వెళ్లినవారిలో 99 శాతానికి పైగా దోషులుగా తేలుతున్నారు. ఈ అంకె వినగానే కొందరు అక్కడ న్యాయమే లేదంటారు. మరికొందరు అక్కడి పోలీసులు అంత పకడ్బందీగా పనిచేస్తారని మెచ్చుకుంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. మసాయుకి సువో దర్శకత్వంలో 2007లో విడుదలైన ఈ చిత్రం అంకెను పక్కనపెట్టి, ఆ అంకె ఎలా తయారవుతుందో చూపిస్తుంది. అందుకే ఈ పాఠంలో దీన్ని విమర్శకు తీసుకున్నాం. పేరుకు ‘అయినా నేను చేయలేదు’ అని అర్థం. చిత్రం చూడకపోయినా మీరు ఈ పాఠాన్ని అనుసరించవచ్చు.

కథ చిన్నది. తెప్పెయి అనే నిరుద్యోగ యువకుడు ఇంటర్వ్యూకని కిక్కిరిసిన రైలెక్కుతాడు. తలుపు సందులో ఇరుక్కున్న కోటును లాక్కునే ప్రయత్నం చేస్తాడు. రైలు దిగగానే ఒక స్కూలు విద్యార్థిని, తనను అసభ్యంగా తాకింది ఇతనేనని పట్టుకుంటుంది. అతన్ని పోలీసు స్టేషన్‌కు తీసుకువెళతారు. ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని డిటెక్టివ్ చెబుతాడు. చూడటానికి వచ్చిన లాయరు కూడా, కోర్టుకెళితే గెలవడం దాదాపు అసాధ్యమనీ రాజీపడటం మేలనీ సలహా ఇస్తాడు. అదే స్టేషన్‌కు నిజంగా ఆ తప్పు చేసిన ఇంకొక మనిషి వస్తాడు. ఒప్పుకొని త్వరగానే ఇంటికి పోతాడు. చేయలేదన్న తెప్పెయి లోపలే ఉండిపోతాడు. ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చిత్రం చేసే వాదనంతా ఇక్కడే ఉంది.

ఇందులో దర్శకుడు కల్పించింది తక్కువ. జపాన్‌లో అరెస్టు చేసిన పోలీసులు 48 గంటల్లో మనిషిని ప్రాసిక్యూటర్‌కు అప్పగించాలి. ప్రాసిక్యూటర్ 24 గంటల్లో జడ్జి అనుమతి కోరాలి. జడ్జి పది రోజులు, ఆపైన మరో పది రోజులు నిర్బంధానికి అనుమతించవచ్చు. మొత్తం 23 రోజులు. అభియోగం నమోదయ్యేదాకా బెయిలు అనే మాటే లేదు. సాధారణంగా ఉంచేది జైల్లో కాదు, ప్రశ్నించే పోలీసుల లాకప్‌లోనే. ప్రశ్నించే గదిలోకి లాయరును రానివ్వరు. అభియోగం నమోదైన తర్వాత కూడా, నేరం ఒప్పుకోనివాడికి బెయిలు దొరకడం కష్టం. సాక్ష్యాలు తారుమారు చేస్తాడన్నది అందుకు చెప్పే కారణం. ఈ పద్ధతికి అక్కడి విమర్శకులు ‘బందీ న్యాయం’ అని పేరుపెట్టారు. మరి చట్టం ఏమంటోంది? బలవంతపు ఒప్పుకోలు చెల్లదనీ, ఒప్పుకోలు ఒక్కటే ఆధారంగా శిక్ష వేయరాదనీ జపాన్ రాజ్యాంగం 38వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. కాగితం మీద లోటేమీ లేదు. (పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు మన దేశంలో సాక్ష్యంగా చెల్లదని మీకు తెలిసే ఉంటుంది. అయితే మన జైళ్లలో సుమారు నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే కాబట్టి, జపాన్‌ను చూసి మనం గర్వపడటానికి పెద్దగా ఏమీ లేదు.)

ఇక 99 శాతం సంగతి. అక్కడి ప్రాసిక్యూటర్లు గెలుస్తామన్న నమ్మకం ఉన్న కేసులనే కోర్టుకు తెస్తారు. సాక్ష్యం ఉన్నా, నేరం చిన్నదైతే అభియోగం మోపకుండా వదిలేసే అధికారం కూడా వారికి ఉంది. కోర్టుకు వచ్చినవారిలోనూ అత్యధికులు నేరం ఒప్పుకున్నవారే. జపాన్ పద్ధతిని సమర్థించేవారి ఈ వాదనలో బలముంది, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ఒక్క సంగతి గమనించండి. వడపోత అంతా ప్రాసిక్యూటర్ గదిలోనే అయిపోతే జడ్జికి మిగిలే పని ఏమిటి? ఏళ్ల తరబడి ఎదుట నిలబడిన ప్రతివాడూ దోషిగానే తేలుతుంటే, కాదని చెప్పే ఒక్కడి మాటను వినే ఓపిక ఆయనకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నను సువో ఇద్దరు జడ్జిల ద్వారా వేస్తాడు. మొదటి జడ్జి ఓమొరి ఓపికగా వింటాడు, అనుమానం ఉంటే నిర్దోషి అనే సూత్రాన్ని నమ్ముతాడు. విచారణ మధ్యలో ఆయన స్థానంలో మురొయమా వస్తాడు. అదే కోర్టు హాలు, అవే సాక్ష్యాలు, కానీ గాలి మారిపోతుంది. చివరకు మూడు నెలల జైలుశిక్ష పడుతుంది, దాని అమలును మూడేళ్లు నిలిపివేస్తారు. తెప్పెయి అప్పీలు చేస్తానంటాడు. దీన్ని మంచి జడ్జి, చెడ్డ జడ్జి కథగా చదివితే చిత్రానికి అన్యాయం చేసినట్టే. మనిషి మారగానే ఫలితం మారే వ్యవస్థను న్యాయమైనదని ఎలా అనగలమన్నదే ఇక్కడి ప్రశ్న.

ఫిర్యాదు చేసిన అమ్మాయి పట్ల సువో చూపిన న్యాయబుద్ధి ఈ చిత్రంలోని మరో మంచి గుణం. ఆమెను అబద్ధాలకోరుగా చిత్రించి ప్రేక్షకుల సానుభూతి దండుకోవడం తేలిక. సువో ఆ పని చేయలేదు. ఆమెపై అఘాయిత్యం జరిగింది, ఆమె భయం నిజం, పట్టుకున్నది వేరే మనిషిని. అయితే ఒక బలహీనత కూడా ఉంది. పేరులోనే నాయకుడు నిర్దోషి అని చెప్పేశాక, మనం సందేహించాల్సిన అవసరం లేకుండా పోతుంది. వ్యవస్థకు అసలు పరీక్ష నిజం తెలియని కేసులోనే ఎదురవుతుంది. సువో ఆ కష్టాన్ని జడ్జికి వదిలి, మనల్ని సుఖంగా కూర్చోబెట్టాడు.

సినిమాలో శిక్ష మూడు నెలలే కాబట్టి సమస్య చిన్నదనుకోకండి. 1966లో షిజువొకా ప్రాంతంలో ఒకే కుటుంబానికి చెందిన నలుగురి హత్య కేసులో మాజీ బాక్సర్ ఇవావొ హకమదాను అరెస్టు చేశారు. సుమారు ఇరవై రోజులు, రోజుకు సగటున పన్నెండు గంటలు ప్రశ్నించాక ఆయన ఒప్పుకున్నారు. కోర్టులో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఒప్పుకోలు వాంగ్మూలాలు 45 ఉంటే, 44 చెల్లవని 1968లో కోర్టే అన్నది. మిగిలిన ఒక్కదాన్నీ, అరెస్టయిన ఏడాది తర్వాత మీసో తొట్టెలో దొరికిన దుస్తులనూ నమ్మి మరణశిక్ష వేసింది. తీర్పు రాసిన జడ్జి నొరిమిచి కుమమొతో, తాను ఆయన్ను నిర్దోషిగా నమ్మాననీ, మిగతా ఇద్దరు జడ్జిల మెజారిటీకి తలవంచి రాయాల్సి వచ్చిందనీ బహిరంగంగా చెప్పింది 2007లో, ఈ చిత్రం వచ్చిన ఏడాదే. 2024 సెప్టెంబరులో పునర్విచారణ కోర్టు, ఆ దుస్తులతో సహా సాక్ష్యాలు కల్పితమని తేల్చి హకమదాను నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ఆయనకు 88 ఏళ్లు.

విమర్శకుడిగా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సినిమా ఏమైనా మార్చిందా? 2011లో న్యాయశాఖ సంస్కరణల సంఘంలో సువోకు సభ్యత్వం ఇచ్చారు. ప్రశ్నించడాన్ని మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయాలని ఆయన అక్కడ వాదించారు. 2016లో చట్టం సవరించారు, 2019 నుంచి రికార్డింగు తప్పనిసరైంది. కానీ పౌరులు జడ్జిలతో కలిసి కూర్చునే తీవ్ర నేరాల కేసులకూ, ప్రాసిక్యూటర్లు స్వయంగా దర్యాప్తు చేసే కేసులకూ మాత్రమే. తెప్పెయి మీద మోపిన లాంటి కేసు ఆ జాబితాలో లేదు.