వీడియో ఆటల సంగీతరచన: నేర్వవలసినదేమి?

చలనచిత్రమునకు సంగీతము కూర్చువానికి ఒక సదుపాయము కలదు. దృశ్యము ఎన్ని సెకండ్లు నడచునో, నాయకుడు ఏ క్షణమున తలుపు తెరచునో వానికి ముందుగనే తెలియును. వీడియో ఆటకు సంగీతము కూర్చువానికి ఈ సదుపాయము లేదు. ఆడువాడు ఒక గుంటను దాటుటకు రెండు సెకండ్లు పట్టవచ్చును. ఇరువది నిమిషములును పట్టవచ్చును. నేడు ఈ విద్యను నేర్వగోరువారిలో పెక్కుమంది కంప్యూటరులో నిలువచేసిన వాద్యబృందపు ధ్వనులతో గంభీరమైన రచనలు చేయుటకు పూనుకొందురు. అది సంగీతాభ్యాసమే గాని, ఆట సంగీతమునకు అభ్యాసము కాదు. ఈ భేదమును గ్రహించుటకు 1985లో జపానునందు వెలువడిన 'సూపర్ మారియో బ్రదర్స్' సంగీతమును పరిశీలించుట మేలు.

దీనిని రచించినవాడు కోజి కొండో. ఆయన 1961లో జన్మించి, 1984లో నింటెండో సంస్థలో చేరెను. ఆయనకు లభించిన యంత్రము 1983 నాటి ఫామికామ్. దానికి ఐదు గొంతులు కలవు. రెండు గొంతులు పల్స్ తరంగములతో స్పష్టమైన స్వరము పలుకును. వాటి బిగ్గరతనమునకు 16 మెట్లు. మూడవది త్రిభుజ తరంగము. దానిని పలికించుట, ఆపుట తప్ప, హెచ్చుతగ్గులు చేయుటకు వీలులేదు. నాలుగవది వట్టి రొద. ఐదవది ముందుగా నిలువచేసిన ధ్వనులను వినిపించును. ఈ ఆటలో దానిని వాడలేదు. కొండో రాగమును, దాని తోడుస్వరమును పల్స్ గొంతులకు, మంద్రస్వరమును త్రిభుజమునకు, తాళమును రొదకు అప్పగించెను.

ఇంతవరకు ఇది పొదుపు మాత్రమే. అసలు నేర్పు వేరొకచోట కలదు. నేలపై నడచునపుడు వినవచ్చు ముఖ్యగీతము సుమారు ఒకటిన్నర నిమిషము సాగి మరల మొదటికి వచ్చును. మారియో చనిపోయిన ప్రతిసారియు పాట తొలినుండి ఆరంభమగును. కావున ఆట చేతకానివాడు ఎక్కువసార్లు వినునది పాట ప్రారంభమునే. ఆ ప్రారంభము పొట్టిది, చురుకైనది. ఓటమికి ఓదార్పువలె కాక, మరల పరుగెత్తుమను పిలుపువలె ఉండును. నేలమాళిగలోని గీతమున చిన్న పలుకుల నడుమ నిశ్శబ్దము విస్తారముగా కలదు. నీటిలోని గీతము మూడు మాత్రల నడకతో తేలును. చూచుటకంటె ముందే చెవి స్థలమును గుర్తించును.

కాలము తరిగి అంకె 100కు దిగగానే ఈ పాటలు వేగమందుకొనును. ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్'లో నాలుగే మంద్రస్వరములు దిగుచు, శత్రువులు తగ్గినకొలది త్వరపడెను. స్వరములు నాలుగైనను గుండె దడ పుట్టించుటకు అవి చాలెను.

కొండో రచనలో లోపములు లేకపోలేదు. మారియో గెంతినప్పుడో, నాణెము దొరకినప్పుడో ఆ చప్పుడు ఒక పల్స్ గొంతును లాగుకొనును. అంతసేపు పాట కుంటుపడును. ఒక స్థలమునుండి వేరొక స్థలమునకు పోగానే పాట తెగి, మరియొకటి మొదలగును. ఈ రెండవ లోపమును మైకేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ అనువారు 1991లో 'మంకీ ఐలండ్ 2' ఆటయందు సరిదిద్దిరి. అందు వుడ్‌టిక్ అను ఊరిలో ఆడువాడు ఇల్లు మారినను పాట తెగదు. అదే బాణీ వేరు వాద్యముల మీదికి జారును. రంగస్థలమున హార్మోనియము వాయించువాడు నటుని పోకడ కనిపెట్టి వాయించినట్లు, ఇచట యంత్రము ఆడువానిని అనుసరించును.

2023లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము తన జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో మారియో గీతమును చేర్చెను. వీడియో ఆట సంగీతమునకు ఆ గౌరవము దక్కుట అదే మొదలు. దీనిచే ఉత్సాహపడి పాతయంత్రపు కీచుస్వరమును మాత్రము అనుకరించువారు కలరు. వారు చొక్కాను చూచి మనిషిని మరచినవారు. ఆ స్వరము నాటి నిర్బంధము. రచయిత గుణము కాదు.

నేర్చువాడు చేయదగిన పని చిన్నది, కష్టమైనది. ముప్పది సెకండ్ల పాట నొకదానిని నాలుగు గొంతులకు మించకుండ రచింపవలెను. దాని చివరను మొదటితో అతుకు తెలియకుండ కలుపవలెను. పిమ్మట ఏదైనా పని చేసికొనుచు అరగంట వినవలెను. ఎచట చెవి విసుగుచెందునో అచట రచన చెడినదని తెలిసికొనవలెను. ఈ పరీక్షకు నిలిచిన తరువాత వాద్యబృందములను ఎన్నిటినైనను చేర్చుకొనవచ్చును. నిలువని పాటకు నూరు వయొలిన్లు చేర్చినను, విసుగు నూరు రెట్లగునేగాని తగ్గదు.