గిల్లని క్యాసెట్టు

శుక్రవారం మధ్యాహ్నం చర్చి నుంచి నేరుగా వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఫోను నా చేతిలో పెట్టింది. చిట్వేలి దగ్గరి పల్లె ఆమెది. పన్నెండేళ్లుగా ఇక్కడ కువైట్‌లో ఒకే అరబ్బీ ఇంట్లో పని. ముర్గాబ్‌లో కంప్యూటర్ల పిచ్చాయన ఒకడున్నాడని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్లు ఈ కాలమ్ పాఠకులే అయ్యుంటారు.

"అన్నా, పాత సెల్లు బకెట్లో పడిపాయ. కొత్తది కొన్యా. మా యమ్మ మాటలు యాడికి పోయినాయో సూడన్నా."

వాళ్లమ్మ పోయి ఏడాదిన్నర. తల్లికీ కూతురికీ చదువు రాదు. యాప్‌లో పంపుకున్న వాయిస్ మెసేజ్‌లే వాళ్ల ఉత్తరాలు. ఏ యాప్ అనేది అనవసరం, అన్నీ ఆ తాను ముక్కలే. బ్యాకప్ ఉంది కదా అని చూశాను. ఉంది. కానీ అది ఉన్న ఈమెయిల్ ఆమెది కాదు. మొదటి ఫోను కొన్న రోజు అంగడాయనే ఒక ఈమెయిల్ తెరిచి, తనకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి, "ఇంక వాడుకో" అని చేతికిచ్చాడు. ఆ అంగడి ఇప్పుడు షవర్మా కొట్టు.

నాకు పూనకం వచ్చింది. 1983లో స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటి నుంచి మొదలుపెట్టి, ఫ్రీ అంటే ఉచితం కాదు స్వేచ్ఛ అని నేను ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు ఉన్న కాలంలో, ఊరి వార్త చదువుదామని తెరిస్తే తెర నిండా పిచ్చి గుర్తులు కనబడటం, వెన్న నాగార్జున రాసిన 'పద్మ'ను ఫైర్‌ఫాక్స్‌కు తగిలించగానే అవి యూనికోడ్ తెలుగు అయిపోవటం, ఆ రోజు నేను రూములో అందరినీ నిద్ర లేపటం, ఇదంతా మీకు మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పేవాణ్నే. మన మాట మనదే, దాన్ని పెట్టిన పెట్టె తాళం ఇంకొకరిది అని ఈ వారం కాలమ్ అక్కడే మనసులో రాసేసుకున్నాను. ఉదాహరణ కూడా సిద్ధంగా ఉంది. క్యాసెట్టు.

మా నాయన 1981లో కోయిట్ వచ్చాడు. మా కడప జిల్లాలో కువైట్ అనరు, కోయిటే. ఉత్తరం ఇరవై రోజులకు వచ్చేది, రాసినా చదివిపెట్టేవాళ్లు కావాలి. అందుకని క్యాసెట్టు. సెలవు మీద ఊరికొచ్చే మనిషి లుంగీలో చుట్టుకుని తెచ్చేవాడు. బొంబాయిలో విమానం దిగితే మద్రాసు రైలు రాజంపేట మీదుగానే పోతుంది, కాబట్టి క్యాసెట్టు కూడా మనిషితో పాటే దిగేది. ఆ సాయంత్రం మా ఇంటి ముందు చాపలు పరిచేవాళ్లు.

నాయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేవాడు. పలకరించి కాసేపు ఆగేవాడు. టేపులో ఆ ఆగిన చోట ఏసీ హోరు ఒక్కటే వినబడేది. ఆ సందులో మా జేజి జవాబు చెప్పేది. "తిన్యావా మా" అని టేపు అడిగితే, "తిన్యా లే నాయనా, నువ్వు తిన్యావా" అని టేపుకు చెప్పేది. ఒకసారి ఆమె జవాబు ముగిసేలోపు నాయన పక్క మనిషి దగ్గరికి పోయాడని కోపం తెచ్చుకుని లేచిపోయింది. మా అమ్మ టేపు వెనక్కి తిప్పి, ఆ సందు దగ్గర ఆపి, జేజి చెప్పటం అయ్యాక మళ్లీ నొక్కింది.

ఆ టేపును నాయన ఇక్కడి రూములో నేషనల్ పానసోనిక్ మీద రికార్డు చేసేవాడు. అది మా ఊళ్లో పంతులు గారి ఫిలిప్స్‌లో పాడేది, మిల్లు ఆయన పేరు లేని డొక్కు డబ్బాలోనూ పాడేది. ఎందుకు పాడేది? ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును బయటపెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి ఎవరైనా పైసా కట్టకుండా తయారు చేసుకోవచ్చని ఒప్పుకుంది. కొలతలు మాత్రం మార్చకూడదు. ఒక కంపెనీ నలుగురికీ వదిలేసిన కొలత వల్ల మా జేజి కొడుకుతో మాట్లాడింది. ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే కలం ఆగింది. మరి ఆ క్యాసెట్లు ఏవి?

లేనట్టే. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, గుర్తుందా? వాటిని గిల్లేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. సినిమా పాటల క్యాసెట్లు గిల్లేసే వచ్చేవి, మేం ఆ సందులో కాగితం కుక్కి వాటి మీద కూడా రికార్డు చేసేవాళ్లం. నాయన క్యాసెట్టును ఎవరూ గిల్లలేదు. జవాబు దాని మీదే పోవాలి కదా. కొత్త క్యాసెట్టుకు డబ్బులు దండగ. నాయన గొంతు మీద అమ్మ గొంతు, అమ్మ గొంతు మీద మళ్లీ నాయన గొంతు. ఆరేళ్ల కాపురం రెండు క్యాసెట్ల మీద నడిచింది. మిగిలింది ఒక్కటే. దాంట్లో అమ్మ జవాబు తొందరగా ముగియటంతో చివర్లో నాయన మాట కొంచెం బతికింది. టార్చిలైటు ఎవరికి, సెంటు సీసా ఎవరికి, ఏ చీర ఎవరికి ఇవ్వాలో లెక్క చెబుతుంటాడు. లెక్క మధ్యలో టేపు అయిపోతుంది.

ఏ కంపెనీ చెరపలేదు. ఏ పాస్‌వర్డూ అడ్డం రాలేదు. చేతులారా మేమే చెరుపుకున్నాం.

ఆమె ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. కూర్చోమని చెప్పి అడిగాను. "మీయమ్మ వాడిన సెల్లు ఎవరి దగ్గరుందమ్మా?"

"మా తమ్ముని కొడుకు కాడుండాది. వాడు ఆటలాడుకుంటాడు."

పోయిన నెల ఇదే చోట నేను ఏం రాశానో గుర్తుండే ఉంటుంది. ఫోను వారానికోసారి ఊడ్చుకోండి, చెత్త ఫార్వర్డులు పారేయండి, గుడ్ మార్నింగ్ గులాబీలతో మెమరీ నింపుకోకండి అని పెద్ద ఉపన్యాసం. ఆ పదో తరగతి పిల్లవాడు నా కాలమ్ చదవడు. ఆ ఫోనును ఏనాడూ ఊడ్చలేదు. గులాబీలు, దేవుడి బొమ్మలు, ఎవరివో పెళ్లి వీడియోలు, వాటి అడుగున వాళ్ల జేజి పంపిన మాటలు. వాడికి ఫోన్ చేసి అడిగితే, ఇక్కడ శుక్రవారం అస్రు నమాజు బాంగు వినబడే వేళకు పదకొండు వచ్చాయి. అదీ ఫార్వర్డుగానే.

వాటిని నా లాప్‌టాప్‌లోకి తీసుకుని చూస్తే ఓపస్ అనే ఆడియో ఫార్మాటు ఫైళ్లు. ఓపస్ 2012లో ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది, ఎవరైనా రుసుం లేకుండా వాడుకోవచ్చు. అంటే తాళం వేసిన పెట్టె లోపల కూడా మళ్లీ ఫిలిప్స్ క్యాసెట్టు లాంటిదే ఉంది. నాకు గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. ఫార్మాటు ఏదైనా, పిల్లవాడు చెరిపేసి ఉంటే ఆమెకు వాళ్లమ్మ గొంతు లేదు.

దాచినవాళ్లు ఉంటేనే ఏదైనా మిగులుతుందనడానికి ఈ ఊళ్లోనే పాత సాక్ష్యం ఉంది. 1982లో మొహమ్మద్ అల్ షారిఖ్ ఇక్కడ మొదలుపెట్టిన కంపెనీ అరబ్బీ మాట్లాడే కంప్యూటర్లు చేసింది, పేరు సఖ్ర్, అంటే బండరాయి. 1990లో ఇరాక్ దండెత్తాక కంపెనీ కైరోకు తరలింది. వాటి ప్రోగ్రాములు తెరిచి చూడనిచ్చేవి కావు. అయినా ఎవరెవరో అటక మీద దాచిన ప్రోగ్రాములు ఇవాళ ఓపెన్‌ఎమ్మెస్సెక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో నడుస్తున్నాయి. షారిఖ్ కూడా తర్వాతి రోజుల్లో పాత అరబ్బీ పత్రికలను పోగుచేసి, అందరూ చదువుకునేలా పెట్టాడు. 2024లో పోయాడు.

పదకొండూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వబోయాను.

"అది నేనేడ పెట్టుకునేది అన్నా? నాకు బీరువా ఉందా, పెట్టె ఉందా. సెల్లులో ఎయ్యి."

వేశాను. ఫోను చెవికి ఆనించుకుని ఒకటి విన్నది. గ్యాసు బుడ్డి అయిపోయింది, డబ్బులు ఎప్పుడు పంపుతావు అని అడుగుతోంది తల్లి. ఆమె నవ్వింది. "పంపినా గదమ్మా" అంది ఫోనుతో.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "నీ కాడ గూడా ఒకటి ఉంచుకో అన్నా. మళ్లా బకెట్లో పడితే?"

ఉంచుకున్నాను. ఏడో ఫైల్లో ఆ తల్లి మాట్లాడుతూ మధ్యలో కోళ్లను అదిలిస్తుంది.